చెప్పాను కదా

మొన్న టెక్కలిలో ఒక ఫంక్షన్ హాల్లో డాక్టర్లకి మాట్లాడటం నేర్పించారు. ఎగతాళికి అనడం లేదు. వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ మీద అదే రాసి ఉంది, కాకపోతే కాస్త గంభీరంగా, ‘రోగులతో సమర్థంగా మాట్లాడే నైపుణ్యాలు’ అని. మనిషి ఒంట్లో ఏ నరం ఎటు పోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగినవాళ్ళకి, ఎదురుగా కూర్చున్న మనిషితో ఎలా మాట్లాడాలో ఇంకొకరు వచ్చి నేర్పాల్సి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదంటారు చూడండి, నాకు ఆ రెండూ రాలేదు. ఒళ్ళు మండింది.

నాతో పాటు బడిలో పనిచేసే టీచరు చెల్లెలు ఆ కార్యక్రమం చూసుకునేవాళ్ళలో ఒకామె. కిడ్నీ రోగి ఇంటి మనిషి ఎవరైనా వచ్చి తమ అనుభవం చెబితే బాగుంటుందని నన్ను అడిగింది. మా అమ్మని కూడా తీసుకొస్తానంటేనే వస్తానన్నాను. అమ్మని ఎందుకు తీసుకెళ్ళాలనుకున్నానో చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి.

మా ఊరు పూండికి సముద్రం వైపు ఉంటుంది. ఇసుక నేల, కొబ్బరి, జీడి. నాన్నకి కొబ్బరిచెట్టంటే ప్రాణం. పెద్ద తుపానుకి మా తోటలో చెట్లన్నీ ఒక్క రాత్రిలో పడిపోతే, ఊళ్ళో చాలామంది ఇంక కొబ్బరి మాటెత్తమన్నారు. నాన్న మాత్రం కూలిన మొద్దులు ఇంకా తీయించకుండానే వాటి మధ్య కొత్త మొక్కలు నాటాడు. ఈ వయసులో ఎవరి కోసమయ్యా అని అడిగినవాళ్ళతో, నా కోసమే, మొదటి బొండాం నేనే తాగుతాను అనేవాడు.

ఆ మొక్కలు కాపుకొచ్చే సమయానికి నాన్నకి రక్తపరీక్షలో తేడా వచ్చింది. మా ఉద్దానం పల్లెల్లో అది వింత కాదు. ఇతర ఊళ్ళలో మనుషులు ఎదురుపడితే వానల గురించి మాట్లాడుకుంటారు, మా దగ్గర కిరాటిన్ ఎంతుందని అడుగుతారు. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ అనే మాట చదువురాని ముసలమ్మ నోట్లో కూడా నలిగి కిరాటిన్ అయి కూర్చుంది. ప్రతి వీధిలోనూ ఇద్దరు ముగ్గురు ‘కిడ్నీవాళ్ళు’ ఉంటారు కాబట్టి, నాన్న పేరు ఆ వరసలో చేరిందని తెలిసినప్పుడు ఎవరూ గుండెలు బాదుకోలేదు. పలాసలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మంచి డాక్టరున్నాడని ఎవరో చెబితే అమ్మా నాన్నా వెళ్ళారు. నాకు టెక్కలిలో బడి ఉంది, సెలవు దొరకలేదు. ఆ ఆసుపత్రి ఇప్పుడు అక్కడ లేదు, ఉన్నా దాని పేరు చెప్పను.

లోపల జరిగింది నాన్న నోటా అమ్మ నోటా ఎన్నిసార్లు విన్నానో, నేను కూడా అక్కడే ఉన్నట్టుంటుంది. డాక్టరు చిన్నవాడే. నాన్న మొహం చూడలేదు, రిపోర్టు చూశాడు. తరవాత ఫోన్ చూశాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇది తగ్గేది కాదు అన్నాడు. చావు కబురు చల్లగా చెప్పడమని మనకో సామెత ఉంది కదా, అది చెప్పేవాడు కనీసం కుదురుగా కూర్చుని చెబుతాడు. ఈయన మందులు రాస్తూ చెప్పాడు. ఉప్పు తగ్గించాలి, నీళ్ళు రోజుకి లీటరు దాటకూడదు, పొటాషియం వద్దు. “అర్థమైందా?” అన్నాడు. “అయింది బాబూ” అన్నారు ఇద్దరూ. బయట తరవాతి పేరు పిలిచారు.

ఆ ‘అయింది బాబూ’ గురించి ఒక్క మాట చెప్పాలి. మా దగ్గర పెద్ద చదువు చదివినవాడు అర్థమైందా అని అడిగితే, కాలేదనడం మర్యాద కాదు. కాలేదంటే నీకు చెప్పడం రాలేదని మొహం మీద అన్నట్టు. అందుకని వెయ్యిమందిని అడిగినా వెయ్యిమందీ అయిందనే అంటారు. నేను ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను. పాఠం అయ్యాక అర్థమైందా అని అరిస్తే బెంచీలు కూడా అర్థమైందనే అంటాయి. అందుకే నేను ఆ మాట అడగను, నువ్వు లేచి నాకు చెప్పు అంటాను. అప్పుడు బయటపడుతుంది వాడికేం ఎక్కిందో. ఇదేమైనా బ్రహ్మవిద్యా? పంతులమ్మకి తెలిసిన సంగతి డాక్టరుకి ఎందుకు తెలియదు?

ఇంటికొచ్చాక అమ్మ ఆ మూడు ముక్కల్నీ వేదంలా పట్టుకుంది. లీటరు నీళ్ళసీసా ఒకటి కొంది. పొద్దున్నే నింపి నాన్న మంచం పక్కన పెట్టేది. అందులో అయిపోతే అంతే, నాలుక పీక్కుపోతున్నా ఇంకో గుక్క ఇచ్చేది కాదు. నాన్న బతిమాలేవాడు, తిట్టేవాడు, ఒకసారి సీసా విసిరేశాడు కూడా. అమ్మ లొంగలేదు. కూరల్లో ఉప్పు మానేసి తనూ ఆ చప్పిడి కూడే తింది. నేను ఆదివారాలు వెళ్ళినప్పుడు ఆ సీసా చూసి, మా అమ్మ ఏ నర్సుకీ తీసిపోదని మురిసిపోయేదాన్ని. మూడో మాట సంగతి అమ్మ నాకు చెప్పనేలేదు. అదేదో మన దగ్గర దొరకని వస్తువు, దొరకనిదాని గురించి చెప్పడమెందుకు అనుకుందట.

ఇంక బొండాల సంగతి. మా వైపు రోగిని చూడ్డానికి ఎవరూ చేతులూపుకుంటూ రారు. బొండాలు తెస్తారు. తెచ్చి అరుగు మీద పడేసి పోరు. వాళ్ళే కత్తి అడిగి, కొట్టి, రోగి చేతికిచ్చి, చివరి చుక్కదాకా తాగేవరకూ ఎదురుగా కూర్చుంటారు. వద్దంటే ఆ మనిషిని వద్దన్నట్టే. మా మేనత్త వచ్చింది, బొండాం కొట్టింది. పక్క తోట మావయ్య వచ్చాడు, కొట్టాడు. దాహంతో అల్లాడిపోతున్న నాన్నకి అది అమృతమైంది. మరి లీటరు లెక్కో అంటారా? మా ఊళ్ళో బొండాం నీళ్ళు కాదు. పురిటి మనిషికి అదే, జ్వరం మనిషికి అదే, ఎండదెబ్బ తగిలినవాడికి అదే. బొండాం మందు. మందుని నీళ్ళలో ఎవరు లెక్కేస్తారు? మా పెరట్లో తాగి పారేసిన డొక్కలు పడి లేని రోజు నేను పుట్టాక చూడలేదు, అందుకని నా కంటికీ అవి ఆనలేదు.

కొబ్బరినీళ్ళ నిండా పొటాషియమే ఉంటుంది. చెడిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. అది ఒంట్లో పేరుకుని గుండె మీదకి వస్తుంది. ఇదంతా ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: ‘తాతా, నీకు బొండాం పనికిరాదు.’ నాలుగు మాటలు. కొబ్బరి తోటల మధ్య ఆసుపత్రి పెట్టుకుని, కిటికీలోంచి చూస్తే కొబ్బరి మట్టలు తప్ప ఇంకేమీ కనపడని చోట కూర్చుని, కొబ్బరి రైతుకి ఆ నాలుగు మాటలు చెప్పకుండా పొటాషియం అన్నాడు ఆ మహానుభావుడు. పోనీ, రోజంతా ఏం తాగుతావు అని ఒక్క ప్రశ్న అడిగితే నాన్నే చెప్పేవాడు. దాచుకునే మనిషి కాదు, గొప్పగా చెప్పేవాడు.

తుపాను తరవాత నాటిన చెట్లలో ఒకటి మొదటి గెల వేసింది. ఆ కాయలు బాగా నీరు పట్టేదాకా నాన్న ఆగలేకపోయాడు. నడిచే ఓపిక లేక గుమ్మంలో కూర్చుని, మనిషిని పెట్టి దింపించాడు. కొట్టింది అమ్మ. తన చేత్తో కొట్టి, తన చేత్తో పట్టుకుని తాగించింది. నాన్న మొహంలో వెలుగు చూసి ఎన్నాళ్ళైందోనని ఆ రోజు ఫోన్లో నాకు చెప్పింది అమ్మ. నాకూ సంతోషమేసింది. ఆ గెల అయిపోయేదాకా రోజూ తాగాడు.

తరవాత ఒక ఉదయం నాన్న మంచం దిగలేకపోయాడు. కాళ్ళు మాట వినలేదు, గుండె ఆగి ఆగి కొట్టుకుంటున్నట్టుందన్నాడు. ఆటోలో పలాస తీసుకెళ్ళారు. నేను టెక్కలి నుంచి వెళ్ళేసరికి లోపల డయాలసిస్ మిషన్ మీద ఉన్నాడు. ఉన్నమాట చెప్పాలి, ఆ రోజు నాన్నని బతికించింది ఆ డాక్టరే. చేతిలో విద్య ఉంది, పరుగెత్తి చేశాడు. అందుకు దణ్ణం పెడతాను. ఆ దణ్ణం పెట్టిన చేతులతోనే ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది, ఎందుకంటే తరవాత బయటికి వచ్చి జనం మధ్య మా అమ్మని నిలబెట్టాడు.

ఏం తాగించారని అప్పుడు అడిగాడు. అమ్మ దాచకుండా చెప్పింది. ఆయన మొహం ఎర్రబడింది.

“పొటాషియం వద్దని చెప్పాను కదా?”

“మాం అది ఇంట్లోకే తేనేదు బాబూ” అంది అమ్మ.

అక్కడున్న నర్సులు నవ్వారు. బెంచీ మీద కూర్చున్న ఎవరో కూడా నవ్వారు. డాక్టరు నవ్వలేదు, నవ్వినా బాగుండేది.

“చెప్పాను కదా! చెబితే వినరు. నీ చేత్తో నువ్వే విషం పోశావు.”

అనేసి వెళ్ళిపోయాడు. ఆయనకి అది అక్కడితో అయిపోయింది. సాయంత్రానికి మరిచిపోయి ఉంటాడు. మా అమ్మ తన చేతుల వంక చూసుకుంటూ అలాగే నిలబడిపోయింది.

నేను ఆయన గదికి వెళ్ళాను. అరవకూడదనుకుని వెళ్ళాను. కొబ్బరినీళ్ళ మాట మీరు చెప్పలేదు, చెప్పలేదన్న ముక్క మా అమ్మతో అనండి చాలు, మేం ఇంకేమీ అడగం అన్నాను. ఆయన కళ్ళు రుద్దుకున్నాడు. రోజుకి ఎంతమందిని చూడాలో, ఒక్కొక్కరికి కూర్చుని పాఠం చెబితే బయటున్నవాళ్ళ గతేమిటో చెప్పాడు. అందులో అబద్ధం లేదు, బయట వరండా నిండా మనుషులే. కానీ మొదటిసారి ఒక్క ప్రశ్నకి పట్టే సమయం మిగుల్చుకుని, ఇప్పుడు ఆయన ఎంత సమయం ఖర్చు పెట్టాల్సి వచ్చింది? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది ఎవరు? ఆ మాటే అడిగాను.

“మీరు టీచరు కదా మేడమ్. మీ అమ్మగారికి మీరే అర్థమయ్యేలా చెప్పుకోండి” అన్నాడు.

చెప్పుకున్నాను. ఆ రోజు నుంచీ చెబుతూనే ఉన్నాను. నాన్న ఆ తరవాత ఏడాది పాటు డయాలసిస్ కోసం పలాస తిరిగాడు. అమ్మ పక్కనే తిరిగింది. చివరికి కిడ్నీలతో పాటు గుండె కూడా అలిసిపోయి, ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. నాన్న జబ్బు బొండాంతో రాలేదమ్మా, కిడ్నీలు అంతకుముందే పోయాయి, నువ్వు పోసింది విషం కాదు, నీకెవరూ చెప్పలేదు అని ఎన్ని విధాలుగా చెప్పానో. బల్ల మీద బొమ్మ గీసి కూడా చెప్పాను. అమ్మ అంతా విని, తల పంకించి, చివరికి ఒకటే అనేది. “నువ్వు డాట్రువేటమ్మా?”

అదీ సంగతి. డాక్టరు అన్న మాట ఇంకో డాక్టరు అంటేనే పోతుంది. నేను ఎంత గింజుకున్నా నా మాట చెల్లదు. అమ్మ ఇప్పటికీ కత్తి పట్టి బొండాం కొట్టదు, ఎవరైనా కొడితే అక్కడి నుంచి లేచిపోతుంది. నాన్న నాటిన చెట్లు విరగకాస్తున్నాయి, వాటి కిందకి వెళ్ళదు. అందుకే టెక్కలి పిలుపు వచ్చినప్పుడు, అంతమంది డాక్టర్లలో ఒక్కరైనా అమ్మతో ‘తప్పు నీది కాదమ్మా’ అనకపోతారా అని తీసుకెళ్ళాను. నాకు కావాల్సింది అదొక్కటే. నా అనుభవం వినిపించాలన్న సరదా నాకేమీ లేదు.

హాల్లో ఏసీ ఉంది, కుర్చీలకి తెల్లగుడ్డలు తొడిగారు. అమ్మ చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది. వేసుకోమంటే వినలేదు. పట్నం నుంచి వచ్చిన ఒక పెద్దాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ, రోగి కళ్ళలోకి చూడండి, మాట మధ్యలో తుంచకండి, రోగి బాధ మీ బాధ అనుకోండి అని చెప్పాడు. అన్నీ మంచి మాటలే. తరవాత ఇద్దరు కుర్ర డాక్టర్లు వేదికెక్కి, ఒకడు డాక్టరుగా, ఒకడు రోగిగా నటించారు. రోగి వేషం కట్టినవాడు మా యాస పట్టుకున్నాడు. “కడుపులో ఏటో అయిపోతంది బాబో” అని మెలికలు తిరిగాడు. హాలంతా ఒకటే నవ్వు. రోగి బాధ తమ బాధ అనుకోమని చెప్పిన పెద్దాయన కూడా నవ్వాడు. మా అమ్మ కూడా నవ్వింది, అందరూ నవ్వుతుంటే తను నవ్వకపోతే బాగుండదని. అప్పుడే లేచి వచ్చేయాల్సింది.

నా వంతు వచ్చింది. లీటరు సీసా, బొండాలు, నర్సుల నవ్వు, అన్నీ చెప్పాను. డాక్టరు పేరు చెప్పలేదు, ఆసుపత్రి పేరు చెప్పలేదు. హాలంతా వింది, కొందరు రాసుకున్నారు కూడా. నేను దిగుతుంటే పెద్దాయన మైకు తీసుకుని, అమ్మగారు కూడా ఒక మాట మాట్లాడతారా అని అడిగాడు. ఇదే సమయం అనుకున్నాను.

అమ్మ లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది.

“డాట్రుబాబు సెప్పినాడు బాబూ. నాకే తెలీక పోసీసినాను. సదువు నేనిదాన్ని. తప్పు నాదే, ఆ బాబుది కాదు. మీరందరూ సల్లగుండాల.”

పెద్దాయన తల ఊపాడు. ముందు వరసలో వాళ్ళు తల ఊపారు. ఆమె మంచితనం చూశారా, మన గ్రామీణ ప్రజలు డాక్టర్లని ఎంత నమ్ముతారో చూశారా అన్నాడు పెద్దాయన. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను మైకు లాక్కున్నాను. అడగలేదు, లాక్కున్నాను. మీలో ఒక్కరు, ఎవరైనా సరే, లేచి మా అమ్మతో తప్పు నీది కాదని చెప్పండి అన్నాను. పెద్దాయన మెత్తగా, చాలా నైపుణ్యంగా, నా కళ్ళలోకి చూస్తూ, నా మాట తుంచకుండా మొత్తం విని చెప్పాడు. కేసు వివరాలన్నీ తెలియకుండా ఇంకో డాక్టరు చేసినదాని మీద మేం ఏమీ అనకూడదు మేడమ్, మీ బాధ మాకర్థమైంది. ఆ తరవాత భోజనాలకి పిలిచారు. మేం తినలేదు.

పూండి వెళ్ళే బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. వాళ్ళనీ, వాళ్ళ ఫ్లెక్సీనీ, యాస పట్టిన ఆ కుర్రాణ్ణీ నోటికొచ్చినట్టు తిట్టాను. నీకేం పట్టిందమ్మా, తప్పు నీదని వాళ్ళ ముందు నువ్వెందుకన్నావు అని అమ్మ మీద కూడా విరుచుకుపడ్డాను. నౌపడ దాటాక అమ్మ మెల్లగా అంది.

“నాను అలగంటే, ఒక్కరైనా కాదంటారేమోనని సూసినానమ్మా. అందరూ తలూపినారు గదా.”